నేనేగారు

ఎవరు చేసిన తప్పునైనా తానే చేశానని ఒప్పేసుకోవడం ఆ పెద్దాయన జబ్బు. ప్రోగ్రాం ఆగిపోయినా "నేనే", ప్రింటర్ మొరాయించినా "నేనే", పై అంతస్తులో కుళాయి కారినా "నేనే". ఆఫీసులో ఆయన్ని అందరూ నేనేగారు అనేవారు.

ఆఫీసంటే లాండ్రీ పైన రెండు గదులు, నలుగురు మనుషులు. వృద్ధులకు మాత్రల వేళ గుర్తుచేసే యాప్ తయారుచేస్తున్నారు. వారానికో ఆస్పత్రికి మాటిచ్చి రావడం యజమాని పని. ఆ మాట నిలబెట్టడానికి ప్రోగ్రాంలో అడ్డదారులు తొక్కడం మిగతావాళ్ల పని. ఎవరు తొక్కినా వచ్చి నేనేగారికి చెప్పేవారు. ఆయన గోడమీది కాగితంలో రాసి, "చేసినవారు" అన్న గడిలో తన పేరే పెట్టుకునేవారు. శుక్రవారం మధ్యాహ్నం ఒకటి సరిచేసి, గీత కొట్టేసేవారు.

"ఇది మీరు చేరకముందు రాసింది కదండీ!" అని ప్రోగ్రామర్ అమ్మాయి ఓసారి నిలదీసింది.

"చేరకముందే చెడగొట్టానన్నమాట. నా చెయ్యి అంత పొడుగమ్మా!"

అదే అమ్మాయి, ఆయన రాకముందు, గడువు ముంచుకొస్తుంటే, ఒక ఫోను నంబరుకు ఒక్క రోగే ఉంటాడనుకుని రాసేసింది. తర్వాత చూద్దామనుకుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తర్వాత, ఒక ఆస్పత్రి తరఫున, ఒకే ఫోను వాడుకునే ముసలి దంపతులు యాప్‌లో చేరారు. భార్య పేరు ఎక్కగానే భర్త పేరు చెరిగిపోయింది. రక్తం గడ్డకట్టకుండా ఆయన వేసుకునే మాత్రకు తొమ్మిది రోజులు గంట మోగలేదు. పదోరోజు పక్షవాతం.

"దీనికి బాధ్యులెవరో వాళ్లుండగా మీతో మాకు పని లేదు," అంది ఆ ఆస్పత్రి.

యజమాని అందర్నీ నిలబెట్టి అడిగాడు. అమ్మాయి గోడమీది కాగితంకేసి చూసింది. అమ్మకు ఆపరేషనై వారమే అయింది. ఇల్లు ఆమె జీతంమీదే నడుస్తోంది.

"నేనే," అన్నారు నేనేగారు.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆయన సంచి సర్దుకుని మెట్లు దిగిపోతుంటే అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి చూసింది.

తర్వాత మూడు వారాలు గోడమీది కాగితంలో ఒక్క వరుసా పెరగలేదు. అడ్డదారులు ఆగాయా అంటే, లేదు. ఎవరివి వాళ్లు దాచుకుంటున్నారు. ఆ గడిలో ఆయన పేరు ఎందుకుండేదో ఆమెకప్పుడు అర్థమైంది. తిన్నగా వెళ్లి యజమానితో నిజం చెప్పేసింది.

అతను తలెత్తలేదు. "నాకు తెలుసమ్మా. ఆస్పత్రి పోతే మనందరం పోతామని ఊరుకున్నాను."

ఆదివారం నేనేగారింటికి వెళ్లింది. గుమ్మంలోనే, "అది నేను రాసింది, బాబాయ్ గారూ," అంది.

"తెలుసు. ఆ పక్షవాతం వచ్చినాయన ఎలా ఉన్నారు?"

"నడుస్తున్నారు. ఎడమకాలు ఈడుస్తున్నారు."

నేనేగారు ఆమెకు కుర్చీ జరిపారు. "మరి అది సరిచేశావా?"

"చేశానండి."

"చెప్పనివి ఇంకేమన్నా ఉన్నాయా?"

"మూడున్నాయి," అంటూ ఆమె బావురుమంది. "తప్పంతా నాదేనండీ."

"నీదేంటమ్మా, అడగకపోవడం నాదీ..." అని ఆయన మొదలుపెట్టేలోపు లోపల్నించి ఆయన భార్య మంచినీళ్లతో వచ్చింది.

"ఆయనతో నువ్వు నెగ్గలేవు తల్లీ. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్క తప్పయినా నాదని ఒప్పుకుందామంటే, నాకే ఇంతవరకు సందివ్వలేదు!"

అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.