చివరి బెంచీలో గంట టీచరు

బడిలో ఆమెను అందరూ గంట టీచరనేవారు. పై అంతస్తులో లెక్కలు చెబుతుంటే కింద గేటు దగ్గర కాపలా మనిషికి వినపడేది. "మీరు సెలవు పెట్టిన రోజే నాకు గంట కొట్టే పని పడుతుంది టీచర్‌గారూ" అనేవాడతను. "ముందు ఆ గేటుకు నూనె పెట్టించు, నాకంటే అదే ఎక్కువ అరుస్తోంది" అని ఆమె అంతే గట్టిగా జవాబిచ్చేది.

నలభై దాటాక ఆ గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఉప్పునీళ్ళు పుక్కిలించి నెట్టుకొచ్చింది. చివరికి ఆపరేషన్ తప్పలేదు. ఆ తర్వాత మిగిలింది గుసగుసే.

"ఇంట్లో మెల్లగా మాట్లాడుకోవచ్చమ్మా. క్లాసు మాత్రం ఇక మరిచిపోండి" అన్నాడు డాక్టరు.

హెడ్‌మాస్టరు జాలిపడి ఆఫీసు గదిలో కుర్చీ వేయించాడు. గోడకు అవతల ఆమె పాత తరగతే. కొత్త టీచరు భిన్నాలు చెబుతుంటే, పిల్లలు కోరస్‌గా జవాబిస్తుంటే, ఆమె చేతిలో పెన్ను కదిలేది కాదు.

"నా వల్ల కాదండీ" అంది ఒకరోజు భర్తతో. "పక్కింట్లో పెళ్ళి జరుగుతుంటే మనల్ని పిలవనట్టుంది." ఉద్యోగం మానేసింది.

ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె బడుల కోసం వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ నడుపుతోంది. సంగతి తెలిసి ఇంటికి వచ్చి, తమతో కలిసి పనిచేయమని అడిగింది.

"కంప్యూటర్ నాకేం వస్తుందే?"

"అది మేం చూసుకుంటాం టీచర్. పిల్లలు ఎక్కడ తడబడతారో మీరు చెప్పండి చాలు."

వాళ్ళు తయారుచేస్తున్న ఆటలో వీధుల వెంట సామాన్లు మోసే చిన్న బండి ఒకటుంటుంది. ముందుకు పో, కుడికి తిరుగు, సామాను దించు అంటూ పిల్లలు దానికి ఆజ్ఞలు వరుసగా పేర్చాలి. మీట నొక్కాక బండి చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, తప్పు చెబితే తప్పే చేస్తుంది. వీధి పొడవుగా ఉంటే, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తున్నామని గమనించి దాన్ని మూటకట్టి 'మళ్ళీ చెయ్యి' అనాలి. తలుపు మూసి ఉంటే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. పెద్ద పనిని ముక్కలు చేసుకోవడం, తప్పెక్కడ దొర్లిందో వెనక్కి వెళ్ళి వెతుక్కోవడం అలవాటైతే ప్రోగ్రాములు రాయడం తర్వాత అదే వస్తుందని శిష్యురాలి నమ్మకం.

ఆ వీధులు గీయడం గంట టీచరు పని. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేది. గీస్తున్నంతసేపూ పిల్లలు ఎదురుగా ఉన్నట్టే ఉండేది. ఇక్కడ ఒకడు తొందరపడతాడు, ఇక్కడ ఒకతె పక్కపిల్ల తెరలోకి తొంగిచూస్తుంది అనుకునేది. తలెత్తితే గది ఖాళీ.

"ఏమిటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అన్నాడు భర్త భోజనం దగ్గర.

"ఇవాళ వీధిలో మూసిన తలుపులు పెట్టాను. అందరూ వెళ్ళి గుద్దుకుంటారు చూడండి."

"మనమెక్కడ చూస్తాం?" అన్నాడాయన యథాలాపంగా.

ఆమె మర్నాడు శిష్యురాలిని అడిగింది. "ఒక్కసారి క్లాసులో కూర్చుంటానే. ఎవరినీ కదిలించను."

వేరే బడికి తీసుకెళ్ళారు. గది నిండా గోల. చివరి బెంచీలో, రెండు జడల పిల్ల పక్కన చోటు దొరికింది. ఆ పిల్ల బండి మూసిన తలుపును గుద్దుకుంది. మళ్ళీ పేర్చింది, మళ్ళీ గుద్దుకుంది.

"ఆంటీ, ఇది చేసినవాళ్ళకు పిల్లలంటే పడదా?"

గంట టీచరుకు నవ్వొచ్చింది. వంగి, "మొదటి తలుపు దగ్గర బండికి ఏం చెప్పావో చూడమ్మా" అంది.

"ఆఁ? ఏమన్నారు?"

మళ్ళీ చెప్పింది. మెడ నరాలు తేలాయే తప్ప మాట గోలను దాటలేదు. పిల్ల మర్యాదగా కాసేపు ఆగి, విన్నట్టే తలూపి, తెర వైపు తిరిగిపోయింది. ఒక ఆజ్ఞ తీసింది. ఇంకోటి పెట్టింది. కాసేపటికి బండి తలుపు దగ్గర ఆగి, పక్కకు తిరిగి, సామాను దించేసింది. పిల్ల కేక పెట్టి ముందు బెంచీవాళ్ళ మీద పడింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

బయటికొచ్చాక శిష్యురాలు అడిగింది. "ఎలా ఉంది టీచర్?"

"బాగుంది. వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటున్నారు. నాతో పనే లేదు."

"అదే కదా మనం కోరుకున్నది."

"అదేలే" అంది ఆమె. కాస్త దూరం నడిచాక, "మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తావు?" అని అడిగింది.

అప్పటినుంచి కొత్త వీధి గీసినప్పుడల్లా ఏదో ఒక బడికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటోంది. ఆట పది గంటలకైతే హాజరు వేళకే చేరుకుంటుంది. టీచరు పేర్లు పిలుస్తుంటే ఆమె పెదవులు కూడా కదులుతాయి. మొన్న ఒక పేరుకు జవాబు రాలేదు. టీచరు తలెత్తకుండానే తర్వాతి పేరుకు వెళ్ళిపోయింది. గంట టీచరు మాత్రం గది అంతా కళ్ళతో వెతికింది. ఆ పేరున్న పిల్ల ఎందుకు రాలేదో ఎవరినైనా అడగాలని ఆమెకు ఎంతగానో అనిపించింది.