తోడికోడలి కోసం దించిన బండి

మా తోడికోడలి కోసం మోటార్‌సైకిల్ ఎత్తు తగ్గించిన రోజు నేనూ ఆ షెడ్డులోనే ఉన్నాను. నన్ను పంపింది మా అత్త. మగవాళ్ళు మసలే చోటికి చిన్నకోడలు మొగుడితో పోయి నిలబడడం ఆమెకు నచ్చలేదు. పెద్దకోడలు కూడా పక్కన ఉంటే చూసేవాళ్ళకు మర్యాదగా ఉంటుందనుకుంది. అలా సేలం దగ్గరి ధర్మపురిలో, బస్‌స్టాండు వెనక సందులో, నూనె మరకల బెంచీ మీద, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చున్నాను.

మాది బట్టల వ్యాపారం. డెబ్బైల మొదట్లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా మామ, మా ఆయన అంగడి చూసుకునేవాళ్ళు. మా మరిది మోటార్‌సైకిల్ మీద మూటలు వేసుకుని సంతలు తిరిగేవాడు. ఒకరోజు వెల్లిచందై, ఒకరోజు పెరియంపట్టి, ఆ చుట్టుపక్కల ఎక్కడ సంత ఉంటే అక్కడికి. ఆ బండి పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే రకం. వీధి మొదట్లో ఉండగానే దాని పొగ వాసన ఇంటికి చేరేది.

ఆ మరిదికి చూపు తగ్గడం మొదలైంది. మొదట పొద్దుగూకితే ఆనేది కాదు. తర్వాత పట్టపగలే పక్కల నుంచి వచ్చేవి కనిపించడం మానేశాయి. ఎదుట నిలబడిన మనిషి ముఖం కనిపించేది, ఆ మనిషి చాచిన చెయ్యి కనిపించేది కాదు. పెరియంపట్టి దారిలో ఒకసారి బండిని రాగి చేలోకి దూకించాడు. లుంగీలూ తువ్వాళ్ళూ జాకెట్ గుడ్డలూ బురదలో పడ్డాయి. సేలం డాక్టరు కళ్ళు చూసి, దీనికి అద్దాలు పనిచెయ్యవనీ, ఇక బండి నడపవద్దనీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. అత్త బండి అమ్మేయమంది. మా ఆయన బస్సులో పొమ్మన్నాడు. మా మరిది అందరి మాటా విని, చివరికి చెప్పాడు.

"బస్సు పోయి చేరేలోపల సంతలో మంచి జాగాలన్నీ పోతాయన్నా. నా పెండ్లాము బండి నడుపుతాది. నేను మూట పట్టుకొని వెనక కూర్చుంటాను."

"ఆడమనిషి మోటార్‌సైకిలా? ఊరంతా నవ్వుతాదిరా" అన్నాడు మా ఆయన.

"నవ్వనీన్నా. నాకేమన్నా కనపడతాదా?"

అప్పుడు మా తోడికోడలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మా మరిది ఆ నవ్వు వచ్చిన వైపు తిరిగి తానూ నవ్వాడు. గదిలో అంతమంది ఉన్నా వాళ్ళిద్దరే ఉన్నట్టు నవ్వుకున్నారు. నా కడుపులో మంట అక్కడే మొదలైంది. చూపు పోతున్న మనిషి పెళ్ళాన్ని చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా అని అడగవచ్చు. నేను కుళ్ళుకున్నాను. మా పెళ్ళయి అప్పటికి చాలా ఏళ్ళు. మా ఆయన చెప్పిన మాటకు నేను అలా నవ్విన రోజు ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

చిక్కేమిటంటే మా తోడికోడలు పొట్టి. బండి ఎక్కితే కాలి బొటనవేళ్ళు కూడా నేలకు సరిగా ఆనవు. అందుకే ఈ షెడ్డుకు వచ్చాం.

మెకానిక్ బండిని చూశాడు, ఆమెను చూశాడు, "వేండాం సార్, వేండాం" అని అరవంలో వద్దనడం మొదలుపెట్టాడు. కంపెనీ చేసిన ఎత్తు మారిస్తే బండి గుంతల్లో అడుగు తగులుతుందనీ, మూటల బరువుకు వెనక చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటుందనీ చెప్పాడు. మా మరిది అన్నింటికీ సరే సరే అన్నాడు. తర్వాత పెళ్ళాన్ని సీటు మీద కూర్చోమని, బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె మడమ కిందికి చెయ్యి పోనిచ్చి, నేలకూ మడమకూ మధ్య వేళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి తడుముతూ కొలిచాడు.

"ఇంత. ఇంత దించితే చాలు మేస్త్రీ" అన్నాడు ఆ వేళ్ళను అలాగే పట్టుకుని చూపిస్తూ.

వీధి పక్కన, పది మంది చూస్తుండగా, మొగుడు పెళ్ళాం పాదం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె సిగ్గుపడలేదు. ఆయన తలమీద పడిన దుమ్ము దులుపుతూ ఉండిపోయింది. నేను టిఫిన్ క్యారియర్ మూత తీసి మళ్ళీ పెట్టాను.

కొంతసేపటికి ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది. మనిషి ఎక్కితే స్ప్రింగులు ఎంత అణుగుతాయో చూడాలి, ఎవరైనా కూర్చోండి అన్నాడు మెకానిక్. నేనే పోయి కూర్చున్నాను. రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. హ్యాండిల్ చేతికి సరిగ్గా అందింది. మెకానిక్ పక్కకు జరిగి నన్ను చూసి నవ్వాడు.

"ఈ అమ్మకైతే ఒక్క బోల్టు కూడా విప్పే పని లేదే!"

"మా ఇంట్లో ఆడవాళ్ళలో మా వదినే ఎత్తు" అన్నాడు మా మరిది సంబరంగా. అని, వెనక స్ప్రింగులు పొట్టివి ఎక్కడ దొరుకుతాయో అడగడంలో పడిపోయాడు.

అంతే. అలాగైతే వదినే నడపవచ్చు కదా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎందుకు వస్తుంది? సంతకు పోయేది వాళ్ళిద్దరు. నేను దిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. అరికాళ్ళ కింద ఆ నేల ఇంకా ఉన్నట్టే అనిపించింది.

పని సాయంత్రందాకా సాగింది. వెనక స్ప్రింగుల షాకులు తీసి పొట్టివి బిగించాడు. ముందు చక్రం ఫోర్కు క్లాంపులు వదులు చేసి గొట్టాలను పైకి జరిపాడు. సీటు గుడ్డ విప్పి లోపలి స్పాంజిని కత్తితో చెక్కాడు. అంతా అయ్యాక బండిని సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, చేతులు తుడుచుకుంటూ వెనక్కి జరిగాడు. బండి ఒక్క నిమిషం నిటారుగా నిలబడి, అవతలి పక్కకు ఒరిగి దభీమని పడింది. బండి దిగింది కానీ స్టాండ్ పాత పొడవే ఉందని అప్పుడు తెలిసింది. హ్యాండిల్ అద్దం పగిలి ముక్కలైంది. అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. కానీ ఆ పగిలిన చప్పుడు నాకు హాయిగానే వినిపించింది.

స్టాండ్ కోసి మళ్ళీ అతికించాక ఆమె ఎక్కింది. పాదాలు నేలకు ఆనాయి. చెప్పులు కుట్టే ఆయన చేత చెప్పుల కింద టైరు ముక్క కూడా వేయించుకుంది.

ఊరు కొన్నాళ్ళు నవ్వింది. చీర కింద పైజామా తొడుక్కుని, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వెనక మొగుణ్ణీ రెండు మూటలనూ వేసుకుని ఆమె పోతుంటే సైకిళ్ళు దిగి చూసేవారు. తర్వాత అలవాటైపోయింది. సంతలో ఆడవాళ్ళు మగవాడి దగ్గర అడగలేనివి ఆమె దగ్గర అడుగుతున్నారని, జాకెట్ గుడ్డలు మిగలడం లేదని మా మామ పొంగిపోయాడు. వద్దన్న మా అత్తే, చిన్నకోడలు వచ్చే వేళకు నీళ్ళు కాచి పెట్టమని నాకు చెప్పడం మొదలుపెట్టింది. నేను కాచి పెట్టేదాన్ని. ఆమె దుమ్ము కొట్టుకున్న ముఖంతో వచ్చి, కాళ్ళు చాపి కూర్చుని, ఆకలిగా తినేది. ఆ దుమ్ము మీద కూడా నాకు అసూయగా ఉండేది. సంతలో జరిగింది మొగుడూ పెళ్ళామూ కలిసి చెప్పేవాళ్ళు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసేవాళ్ళు. నాకూ మా ఆయనకూ మధ్య రోజంతా నడిచిన మాటలు బియ్యం అయిపోయాయనీ, దబరా గిన్నె ఓటు పోయిందనీ, అంతే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నాకు నేర్పిస్తావా?"

ఆమె తినడం ఆపింది. "అక్కా, నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తాండా" అంది. నాకు అది కూడా నచ్చలేదు. కాదని ఉంటే కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది.

ఊరి బయట వేరుశెనగ పెరికేసిన చేనులో మధ్యాహ్నాలు నేర్పింది. అప్పటికి ఆ బండి నాకు పొట్టిదైపోయింది. కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి హ్యాండిల్‌కు తగిలేవి. తిప్పినప్పుడల్లా ఒక మోకాలు పక్కకు తీయాల్సి వచ్చేది. ఆమె బండి పక్కనే పరుగెత్తుతూ, "క్లచ్చి మెల్లగా వదులక్కా, మెల్లగా!" అని అరిచేది. ఎంత కుళ్ళు ఉన్నా, గాలి ముఖానికి కొట్టినప్పుడు నేనూ అరిచాను.

తర్వాత ఒక పండగ ముందు ఆమెకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపుపచ్చగా అయిపోయి మంచం పట్టింది. అమ్మకాలు బాగా సాగే రోజులవి. నేను పోతానన్నాను. మా ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, అంగడికి పోయాడు.

మరిదిని వెనక కూర్చోబెట్టుకుని పెరియంపట్టికి బయలుదేరాను. ఊరు దాటగానే ఆయన అడిగాడు.

"వదినా, ఏమేమి కనపడతాండాది?"

నాకు అర్థం కాలేదు. "రోడ్డు" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆమె అన్నీ చెప్తా పోతాది వదినా. చింతచెట్టు కాసిందా, ఎవరి చేను కోసినారు, ఎవరు ఎదురు వచ్చినారు. అట్ల వినీ వినీ అలవాటైపోయింది నాకు."

ఇంజను మోతలో అన్ని మైళ్ళూ ఆమె గొంతెత్తి ఆయనకు దారి చూపిస్తూ పోతుందని నాకు అప్పుడే తెలిసింది. నేనూ చెప్పడానికి ప్రయత్నించాను. "చింతచెట్లు. మేకలు. ఇంకొక చింతచెట్టు." నాకు చాతకాలేదు. ఆయన పాపం ఊఁ ఊఁ అంటూనే ఉన్నాడు. బండి నడపడం నేర్చుకున్నాను కానీ ఆమె చేసే పని అది కాదని తెలిసి, వెనక్కి వచ్చేటప్పుడు నా మనసంతా చేదుగా ఉంది.

వెల్లిచందై సంత రోజున మా మరిది మళ్ళీ సేలం డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. మా మామ తోడు పోయాడు. నన్ను ఒంటరిగా సంతకు పంపడానికి అత్త ఒప్పుకోలేదు. చివరికి మా ఆయన అంగడి మూసి, పంచె ఎగగట్టి నా వెనక ఎక్కాడు. ఆయనకు సైకిల్ తప్ప ఏమీ రాదు. నాకు తగలకుండా వెనక్కి జరిగి, చేతులు తన మోకాళ్ళ మీద పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఒక మలుపులో గేదెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా నొక్కాను. ఆయన రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి. గేదెలు పోయాక కూడా ఆ చేతులు అక్కడే ఉన్నాయి.

"మోకాళ్ళు నొప్పి పుడతాండాయా?" అని అడిగాడు కొంత దూరం పోయాక.

"పుడతాండాయి."

"సీటు ఎత్తు చేయిస్తే?"

"మళ్ళీ ఆమెకు అందద్దా?"

"ఔను కదా" అన్నాడు.

ధైర్యం చేసి అడిగాను. "ఏమేమి కనపడతాండాదో చెప్పు."

"నాకెందుకు? నా కండ్లు బాగనే ఉండాయి కదా."

"ఊరికే చెప్పు."

రెండు మైలురాళ్ళు దాటాం. ఇక చెప్పడులే అనుకున్నాను.

"నీ జుట్టే కనపడతాండాది. గాలికి నా ముఖానికి కొడతాండాది" అన్నాడు.

నేను నవ్వాను. బండి కొంచెం వంకర పోయింది, సర్దుకున్నాను. ఆ రోజు సంతలో ఎవరికి ఏమి అమ్మానో నాకు గుర్తు లేదు.

ఆమెకు నయమైంది. బండి తాళం ఆమె చేతికిచ్చాను. వీధి మలుపు తిరగకముందే ఆమె గొంతు వినిపించింది, ఎదురింటివాళ్ళు గోడకు సున్నం వేస్తున్నారని ఆయనకు చెబుతూ. నా కడుపులో మంట మళ్ళీ ఎప్పటిలాగే వచ్చింది. మా ఆయన అంగడికి పోతూ, రాగిసంగటికి ఏమి చేస్తున్నావని అడిగి పోయాడు.

ఏళ్ళు గడిచాక మా మరిదికి చూపు పూర్తిగా పోయింది. సంతలు మాని, ఏ. పళ్లిపట్టి అనే ఊరి కూడలిలో చిన్న అంగడి తీసుకున్నారు. సామాను ఎద్దులబండిలో ముందే పోయింది. వాళ్ళిద్దరూ మోటార్‌సైకిల్ మీద బయలుదేరారు. అత్త వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. నేను ఏడవలేదు. లోపలికి పోయి బియ్యం ఏరడానికి కూర్చున్నాను, ఏరుతూనే ఉన్నాను.

మా ఆయన భోజనానికి వచ్చి నన్ను చూశాడు.

"ఏమి, ముఖం అట్ల పెట్టుకున్నావు?"

"వాళ్ళు పోయినారు కదా."

"నీకు ఆమెంటే పడదనుకుంటినే."

"పడదు" అన్నాను. "అయినా పోయినారు కదా."