మండీ కాటా చెప్పిన బరువు

నా పేగులను నా కళ్ళతోనే చూసుకుని వచ్చినవాణ్ణని మా వీధిలో చెప్పుకుని తిరుగుతున్నాను. మొత్తం అబద్ధం కాదు. తిరుపతి ఆసుపత్రిలో కెమెరా గొట్టం లోపలికి పంపి టీవీలో చూపించిన మాట నిజం. నేను మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నాను. చూసింది డాక్టరమ్మ.

దీనికి మూలం ఒక పెండ్లి విందు. మొన్న వేసవిలో ఏర్పేడు దగ్గర బంధువులింట్లో, పొద్దున వండిన కోడికూర సాయంత్రం తిన్నాను. నాలుగు రోజులు భేదులు పట్టుకున్నాయి. మందులు మింగితే తగ్గాయి కానీ కడుపు మునుపటిలా కాలేదు. కాఫీ తాగితే మెలిపెట్టేది. బస్సు హారను గట్టిగా మోగినా మెలిపెట్టేది. ఇట్లా మూడు నెలలు. మా అన్న పేగులో గడ్డతో పోయాడు. ఆయనకూ మొదట కడుపునొప్పే, తర్వాత బరువు తగ్గడం. అందుకే నాకు కడుపు కంటే బరువు మీద కన్ను.

మాది మామిడితోట. కాయలు తోలుకుని చిత్తూరు మండీకి పోయిన రోజు, ఎవరూ చూడకుండా కాటా ఎక్కి నిలబడ్డాను. యాభై ఆరు! నిరుడు కంటి ఆపరేషనుకు ముందు తూచినప్పుడు అరవై రెండు. ఆరు కిలోలు ఎటుపోయాయి? మా అన్నే గుర్తొచ్చాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో ఎనిమిది తగ్గానన్నాను. ఆరంటే ఆమె పట్టించుకోదని.

ఆసుపత్రిలో నర్సు తూచి అరవై అని రాసుకుంది. డాక్టరమ్మ చిన్నది, మా చిత్తూరు వైపు పిల్లే.

"ముందు ఎంత ఉండేవారు తాతా?"

"డెబ్బై" అన్నాను. తక్కువ చెబితే రెండు మాత్రలు రాసి పంపించేస్తుందని నా లెక్క. మా అన్న సంగతి కూడా చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. గొట్టం వేసి చూస్తామనీ, పేగులోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపుతామనీ చెప్పింది. ఆమెను భయపెట్టాలని నేను అబద్ధమాడితే, భయపడ్డ ఆమె ముఖం చూసి నేనే భయపడ్డాను.

ముక్కల సంగతి తేలడానికి వారం పట్టింది. ఆ వారంలో ఒకరోజు మా ఆవిడను తోటలోకి పిలిచి, మోటారు స్టార్టరు ఎట్లా వెయ్యాలో నేర్పించబోయాను.

"నువ్వు పండుకోనుంటే ఇన్నేండ్లు మోటారేసింది ఎవురనుకున్నావు?" అని, నన్ను పక్కకు జరిపి తనే వేసింది. వంగి కాలవకు అడ్డం పడ్డ ఆకులు తీసింది. "నీకేమీ కాదు లేబ్బా" అంది, నా వైపు తిరక్కుండానే.

వారం తర్వాత ఇద్దరం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆమె కాగితం చదివి తలెత్తింది. "గడ్డ లేదు తాతా. ముక్కల్లో కూడా చెడ్డదేమీ లేదు."

మా ఆవిడ కొంగు కళ్ళకు అద్దుకుంది. నాకైతే లేచి ఆ బల్ల ఎక్కి ఎగరాలనిపించింది. అంతలో డాక్టరమ్మ మళ్ళీ అంది: "కానీ పది కిలోలు ఊరికే తగ్గరు. అది ఎందుకో తేలేదాకా ఒళ్ళంతా స్కానింగ్ చేద్దాం."

"పదా? నాకు ఎనిమిదని చెప్పినాడే!" అంది మా ఆవిడ.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఇక దాచి లాభం లేదు. "డెబ్బై కాదుమ్మా, అరవై రెండు" అన్నాను.

"ఇక్కడ అరవై తూగారు. అంటే తగ్గింది రెండే కిలోలు. మూడు నెలలు సరిగ్గా తినకపోతే ఆ మాత్రం తగ్గరా?"

"మండీ కాటా మీద యాభై ఆరు చూపించిందిమ్మా."

మా ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఆ కాటా తక్కువ తూస్తాదని ప్రతి ఏడూ ఊరంతా యినేట్టు అరిసేది నువ్వే గదయ్యా! కాయలకైతే దొంగకాటా, నీకైతే ధర్మకాటానా?"

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చీటీలో రాసుకున్న స్కానింగ్ అన్న మాటను గీత పెట్టి కొట్టేసింది.

"మరి నొప్పో? అదీ నా కల్పనేనా?" అన్నాను చిన్నబోయి.

"నొప్పి నిజమే తాతా. పేగు గోడలో పేగుకని సొంత నరాలుంటాయి. వాటిని ఆనుకునే రోగాన్ని ఎదిరించే కణాలు కాపలా ఉంటాయి. రెండూ ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయి. ఆ విందులో వచ్చిన క్రిమి ఎప్పుడో పోయింది. కాపలా మాత్రం దిగలేదు. కణాలు ఏవో రసాలు వదిలితే నరాలు ఉలిక్కిపడతాయి. నరాలు ఉలిక్కిపడితే కణాలు మళ్ళీ రేగుతాయి. మామూలుగా 'ఇంక చాలు' అని కణాలను నెమ్మదింపజేసేది కూడా నరాలే. మీకు ఆ కబురు ఆలస్యంగా పోతా ఉండాది."

నాకు చప్పున అర్థమైంది. మా తోట అడవి అంచున ఉంది. ఓసారి ఏనుగులు తోటలో పడి వెళ్ళిపోయాక నెలరోజులు ఇదే తంతు. ఆకు గలగలమంటే మంచె మీదున్నవాడు కేకేసేవాడు. కేక వింటే కిందివాళ్ళు టపాకాయ పేల్చేవాళ్ళు. టపాకాయకు అదిరి మంచె మీదవాడు మళ్ళీ కేక. ఏనుగులేమో ఏ తమిళనాడు కొండల్లోనో ఉండేవి.

ఇదంతా చెబితే డాక్టరమ్మ మెచ్చుకుంది. "ఎన్ని ఏనుగులు తాతా?"

"ఏడు."

మా ఆవిడ దగ్గింది.

"ఒకటే. వీపు మాత్రం కనపడింది" అన్నాను.

మందులు రాసిచ్చి, ఒక చిన్న పుస్తకం తీసి, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు నొప్పి వచ్చిందో అందులో రాసి తెమ్మంది. కాపలా మెల్లగా దిగుతుందనీ, నా భయం కూడా దాన్ని రేపుతుందనీ, వేళకు తిని కంటినిండా నిద్రపొమ్మనీ చెప్పింది. నేను చెయ్యి చాపాను. డాక్టరమ్మ ఆ పుస్తకాన్ని నా చేతికి కాక మా ఆవిడ చేతికిచ్చింది.

బస్టాండులో, ఈ మూడు నెలల్లో మొదటిసారి కడుపునిండా ఇడ్లీ తిన్నాను. చిత్తూరు బస్సు హారను కొట్టింది. లోపల మెలిపెట్టింది. మా ఆవిడ పెన్ను తీసింది.

"ఎంతసేపు?"

"అర్ధగంట" అన్నాను.

ఆమె నన్ను చూస్తూనే ఉంది.

"ఒక నిమిషం" అన్నాను. రాసుకుంది.