అందరికీ ఒకటే కోటు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బందరులో ఒక డిజైన్ సెంటర్లో పనిచేశాను. పొద్దున్నే గుడివాడ నుంచి పాసింజర్లో నిలబడి వచ్చి కంప్యూటరు ముందు కూలబడేవాణ్ణి. పెళ్ళికార్డులు, కాలేజీ కరపత్రాలు, ఫ్లెక్సీలు. అక్షరాల చుట్టూ కాస్త చోటు వదిలితే "ఇక్కడ ఖాళీగా ఉందేంటండీ, ఓ రోజాపువ్వు పడెయ్యండి" అనేవారు వచ్చినవాళ్ళు. పడేసేవాణ్ణి. మా ఓనరుగారు మొదటిరోజే చెప్పారు: "నీకు నచ్చినట్టు చెయ్యాలంటే మీ ఇంటిగోడ మీద గీసుకో నాయనా. ఇక్కడ అడిగింది చెయ్యి."

అన్నిటికన్నా నా ప్రాణం తీసింది కోటు. పోయినవాళ్ళ ఫొటో పెద్దది చేయించుకోడానికి వచ్చినవాళ్ళు తల కింద కోటూ టైయీ పెట్టించేవారు. మా కంప్యూటర్లో ఉన్నది ఒకటే నీలం కోటు. మేష్టర్లకీ రైతులకీ రిక్షావాళ్ళకీ అదే. తల కత్తిరించడం, కాలరు మీద అతికించడం. అలా అతికించీ అతికించీ విసుగెత్తిపోయాను.

ఒక మధ్యాహ్నం హంసలదీవి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త వేటకెళ్ళి సముద్రంలో పోయాడట. సంవత్సరీకానికి ఫొటో కావాలంది. ఉన్నది ఒక్కటే, తిరనాళ్ళలో ఇద్దరూ కలిసి దిగింది. గళ్ళచొక్కాలో నవ్వుతున్నాడు. అతని భుజం మీద ఆవిడ చెయ్యి ఉంది.

"ఆయనొక్కడే ఉండాలండి. కోటెయ్యండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచి ఫొటోని చేతులారా పాడుచెయ్యాలా? "చొక్కాలోనే బాగున్నారమ్మా, ఇలాగే ఉంచేద్దాం," అన్నాను.

"బాగానే ఉంటాడండి. అది రోజూ చూసిందే గదా. ఆ రోజు స్టూడియోవాళ్ళు కోటిస్తామన్నారు. ఏసుకుంటానని ఒకటే సరదా పడ్డాడు. బస్సెళ్ళిపోద్దని నేనే ఏసుకోనివ్వలేదు."

ఫొటోలోంచి ఆవిడ బొమ్మ తీసేశాను. కోటు తొడిగాను. ఆ నీలిరంగు కింద, అతని భుజం మీద మిగిలిన ఆవిడ వేళ్ళు కనపడకుండా పోయాయి. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని తెరకేసి చాలాసేపు చూసింది. నాకు ఉండబట్టలేదు.

"మీ చెయ్యి కోటు మీద పెట్టమంటారా అమ్మా? కుదురుద్ది," అన్నాను.

"వద్దులెండి," అంది. "కోటు నలుగుద్ది."