భీమిలి బస్సులో ఒక కునుకు

ఎనభైల మొదట్లో, మా పెద్దవాడు నెలలు నిండకుండా పుట్టిన రోజులవి. వాడి ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందనీ, అందుకే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందనీ, ఆగినప్పుడల్లా పాదం తట్టమనీ డాక్టరు చెప్పాడు. మా ఆయనకు పోర్టులో షిఫ్టులు. కాపలా కాసేదాన్ని నేనొక్కదాన్నే.

ఒక మధ్యాహ్నం విశాఖ నుంచి భీమిలి వెళ్లే బస్సులో వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు మూతలు పడిపోతున్నాయి. పక్క సీట్లో, చేపలమ్ముకుని ఖాళీ తట్టతో తిరిగి వెళ్తున్న ఒక పెద్దావిడ ఉంది.

“ఏటమ్మా, అలా తూగతన్నావు? బిడ్డ జారిపోతాడు,” అంది.

“వీడు నిద్రలో ఊపిరి ఆపేస్తాడు పిన్నీ. ఆగితే పాదం తట్టాలి. అందుకని నేను పడుకోవడం లేదు.”

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది. “ఇలాగియ్యి. నాను సూత్తాను. నువ్వు పడుకో.”

ముక్కూ మొహం తెలియని మనిషి. అయినా ఇచ్చేశాను. ఆవిడ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టడం వరకే నాకు గుర్తు.

భీమిలిలో భుజం తట్టి లేపింది. “ఓపాలి ఆపేసేడు. పాదం తడితే మళ్లీ తీసుకున్నాడు,” అంటూ బిడ్డను నా చేతుల్లో పెట్టింది. తట్ట ఎత్తుకుంటూ, “నీ ముక్కు కాడా ఏలెట్టి సూసేనమ్మా. కదలకుండా పడుకున్నావు, బయమేసింది,” అంది.

కొన్ని నెలల మందుతో వాడికి రక్తం పట్టింది, ఊపిరి కుదుటపడింది. ఆ రోజుల్లో ఇంటికొచ్చిన వాళ్లంతా బిడ్డకెలా ఉందని అడిగేవారు. నా ఊపిరి చూసింది ఆవిడొక్కతే.