మస్తాన్, మొక్క వయసు మర్చిపోయిన నా యాప్

నిన్న పొద్దున పదింటికి ఫోన్. మస్తాన్ లేడట. గుండెపోటు.

నమ్మలేదు. వాడి నంబరుకే ఫోన్ చేశాను. వాళ్ల తమ్ముడు ఎత్తి ఏడ్చాడు.

అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ పోస్ట్ నాలుగుసార్లు రాసి చెరిపేశాను.

మస్తాన్ నా ఇంటర్ ఫ్రెండ్. పర్చూరులో పురుగుమందుల షాపులో పనిచేసేవాడు. నేను రైతుల కోసం యాప్ చేసే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్ని.

పంట, పురుగు, మొక్క వయసు. ఈ మూడూ చెబితే మందు ఎంత కలపాలో మా యాప్ లెక్కగట్టి చెప్పేది. పొద్దున్నే అందరూ ఒకేసారి అడిగేసరికి సర్వర్ మొరాయించేది. అందుకని క్యాషింగ్ పెట్టాను. అంటే ఒకసారి వచ్చిన జవాబు దాచిపెట్టి, మళ్లీ అదే అడిగితే దాన్నే తీసి ఇవ్వడం.

దాచేటప్పుడు పంట పేరు, పురుగు పేరు మాత్రమే గుర్తుగా పెట్టాను. వయసు వదిలేశాను.

టెస్టింగ్‌లో ఆ తప్పు దొరకలేదు. మా వైపు అందరూ ఇంచుమించు ఒకే వారంలో మిరప నాటతారు. ఏ తోట తీసుకున్నా వయసు ఒకటే.

ఆ ఏడు వానకి నారు కుళ్లిపోయి, మస్తాన్ షాపుకొచ్చే రైతు ఏసోబు గారు మళ్లీ నాటారు. తామర పురుగు పడింది. పక్క రైతు ముదురు తోటకి చెప్పిన డోసే ఆయన లేత మొక్కలకీ చెప్పింది నా యాప్.

ఇద్దరూ షాపులో యాప్ చూపించి మందు కొనుక్కుని వెళ్లాక, ఇద్దరికీ ఒకే డోసేంటని మస్తాన్‌కి అనుమానం వచ్చింది. షాపు వదిలేసి బండి మీద పొలానికి పోయాడు. ఏసోబు గారు పంపు భుజానికెత్తుకుంటుంటే ఆపాడు. అక్కడి నుంచే నాకు ఫోన్.

“ఒరేయ్, అవి నెల నిండని మొక్కలు రా. మాడిపోతాయి. ముందు నీ యాప్ ఆపు.”

ఆపాను. సరిచేశాను.

ఆఫీసులో మాత్రం టెస్టింగ్‌లో నేనే పట్టుకున్నానని చెప్పాను. మెచ్చుకున్నారు. ప్రమోషన్ కూడా వచ్చింది.

మా చెల్లి పెళ్లిలో మేనేజరు గారి ముందు అదే కథ మళ్లీ చెప్పాను. వెనక మస్తాన్ ఉన్నాడని చూసుకోలేదు. చేతులు కడుక్కుంటుంటే పక్కకొచ్చి, “బాగా చెప్పావురా” అన్నాడు.

అంతే. ఆ తర్వాత కూడా ఎప్పటిలాగే ఫోన్ చేసేవాడు, ఎప్పటిలాగే ఏడిపించేవాడు. ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఇవాళ సారీ చెప్పాలనుకునేవాణ్ణి. మూడేళ్లు అనుకుంటూనే ఉన్నాను.

సిగ్గుగా ఉంది.

ఆఫీసు వాళ్లు కూడా ఇది చదువుతారని తెలుసు. చదవండి. ఆ తప్పు పట్టుకున్నది నేను కాదు, మస్తాన్. ఏసోబు గారి తోట నిలబెట్టింది వాడు. నా ఉద్యోగం నిలబెట్టిందీ వాడే.

ఇంక పడుకోరా మస్తాన్. అల్లా నీకు శాంతినివ్వాలి. నాకైతే ఇప్పట్లో దొరకదు.