టోపీ నీడ తర్వాత

పీరాసాబన్న చెప్పే సినిమాకు మొదటి సీను తప్ప రెండోది ఉండేది కాదు. తర్వాత ఏమైందని అడిగితే, లేచి వచ్చేశానని చెప్పేవాడు.

మా పక్కింట్లో దూది ఏకి పరుపులు కుట్టే మనిషాయన. ఆ వేసవిలో కంబదూరు డేరాకు ఇంగ్లీషు సినిమా వచ్చింది. అర్థంకాని మాటలు మనకెందుకని మా వీధిలో ఎవరూ పోలేదు. పీరాసాబన్న మాత్రం పొద్దు గూకితే అక్కడే. తెల్లారితే మా వాకిట్లో నల్లకంబళి పరిచి, దూదితో ఆ సీను చూపించేవాడు.

"ఇది చీకటి. ఇది ఒక్క దీపం," అంటూ దూది పింజను సన్నగా లాగేవాడు. "వాన కనపడదు, తడిసిన రోడ్డు తళతళమంటాది. ముందు గోడమీద టోపీ నీడ వస్తాది, ఏనుగంత. యెనక మనిషి వస్తాడు, ఇంతే ఉంటాడు. దీపం కింద పెట్టె పట్టుకొని ఒక పిల్ల. మొగం సగం వెలుగు, సగం చీకటి."

రైతు నల్లప్ప రోజూ ఒకటే అడిగేవాడు.

"విత్తనం వేసే పదునుకైనా వాన పడిందా అన్నా?"

"రోడ్డుమీద పడిందిలేప్పా."

అన్నం కూడా మొదటి ముద్దకే లేస్తాడా అని ఆయన భార్య జైతూన్ బీని అందరూ ఆటపట్టించేవారు.

మా ఆయన పోయినప్పటి నుంచి నేను గడప దాటలేదు. నీళ్ళు కూడా జైతూన్ బీనే తెచ్చి పోసేది. వినీ వినీ ఆ పిల్ల నా మనసులో నిలబడిపోయింది. పెట్టె ఎక్కడైనా దించిందో లేదో.

"ఆ పిల్ల యాడికి పోయిందన్నా?"

"నాకేం తెలుసమ్మా, లేచి వచ్చేసినా. పోయి చూడు. రేపటి ఆటతో డేరా ఎత్తేస్తారంట."

మర్నాడు జైతూన్ బీ వెంట పోయాను. ఆడవాళ్ళ వైపు ఇసుకలో కూర్చున్నాం. టోపీ నీడ రాగానే నవ్వాగలేదు, నిజంగా ఏనుగంతే ఉంది. ఆ పిల్లది సగమే కనిపించే ముఖం. అయినా బాగా తెలిసినమ్మాయిలా అనిపించింది. సీను అయిపోయింది. మగవాళ్ళ వైపు చూస్తే, పీరాసాబన్న కదల్లేదు.

"అన్న లేచిపోలేదే?"

"యానాడు లేచినాడు?" అంది జైతూన్ బీ. "రోజూ కడదాకా చూసే వస్తాడు. కథ చెప్తే నువ్వు ఇంట్లోనే కూచుంటావంట. వీధిలో ఎవరికి చెప్పినా గోడ దాటి నీకాడికి వస్తాదని, అందరికాడా నోరు కట్టుకున్నాడు."

సినిమా వదిలాక ఆయన బయట బీడీ ముట్టించుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు. "ఏమ్మా, ఆ పిల్ల యాడికి పోయింది?"

"నాకేం తెలుసన్నా," అన్నాను. "మొదటి సీనుకే లేచి వచ్చేసినా."